మగపిల్లలకు అన్నం పెట్టని ఇల్లు

మా అమ్మమ్మగారింట్లో మగపిల్లవాడు పుడితే, వాడు నడక నేర్చేదాకా అన్నం పెట్టేవారు కాదు. ఆడపిల్లలకు ఆ అడ్డు లేదు. మాకు ఆరో నెల దాటగానే మెత్తగా ఉడికిన అన్నంలో పాలు పోసి పెట్టేసేవారు, ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఎటు చూసినా వరిచేలే ఉన్న ఊళ్ళో, తరతరాలుగా ఆ చేలల్లో కోతలు కోసి వడ్లు కూలిగా తెచ్చుకున్న కుటుంబంలో, మగపిల్లవాడికి మాత్రం బార్లీ నీళ్ళు, రాగిజావ, మగ్గిన చక్కెరకేళీ. వీధిలో వాళ్ళు మా ఇంటిని "అన్నం పెట్టని ఇల్లు" అనేవారు. మాకు వినపడేలా అనేవారు కాదు. ఆ మాత్రం మర్యాద మావైపు ఉంది.

దీనికి కారణం ఉంది. అమ్మ తర్వాత అమ్మమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగానే ఉన్నారట. ఆరో నెలలో అన్నం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పెద్దవాడికి చెవిలో చీము, జ్వరం, దగ్గు, ఆయాసం. ఒకటి తగ్గితే ఇంకొకటి. ఏడాది నిండకుండానే పోయాడు. రెండోవాడిదీ అదే వరస. అమ్మమ్మ చదువుకోలేదు గానీ చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకునే మనిషి. రెండుసార్లూ అన్నం తర్వాతే జరిగింది, కాబట్టి అన్నం వల్లే జరిగింది. ఇందులో ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకేమీ కనపడదు. ఆవిడ చూసింది నిజమే. దాని వెనకున్నది ఆవిడకు కనపడేది కాదు.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో మేస్టారు. మాది క్రైస్తవ కుటుంబం. చదువు వల్ల పొలం పని నుంచి బయటపడ్డ తరం ఆయనది. ఇలాంటి పట్టింపులంటే ఆయనకు చిరాకు. అమ్మకు తొలికాన్పులో మగపిల్లవాడు పుట్టాడు. నేను చూడని మా అన్నయ్య. ఆరో నెలలో నాన్నగారు పట్టుబట్టి, మా గుడి అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, పిలిచి ప్రార్థన చేయించి, అన్నం పెట్టించారు. మాలో కూడా మొదటి ముద్ద మేనమామే పెట్టాలి. అమ్మకు అన్నదమ్ములు మిగల్లేదు. అందుకని అమ్మే పెట్టింది. గుమ్మంలో నిలబడి అమ్మమ్మ "వద్దే, నా మాట వినవే" అంటూనే ఉందట. రెండు నెలలు తిరక్కుండా అన్నయ్యకు చెవిలో చీము పట్టింది. తర్వాత దగ్గు, ఆయాసం. వాడూ ఏడాది చూడలేదు.

అప్పట్నుంచి అమ్మ తన చేత్తో ఏ పసిబిడ్డకూ అన్నం పెట్టలేదు. తర్వాత నేను పుట్టాను. నాకు నాన్నగారి అమ్మ, మా మామ్మ పెట్టిందట. పక్కింటావిడ బిడ్డను ఒళ్ళో పడేసి "కాస్త తినిపించండి, కాలవకెళ్ళొస్తాను" అంటే అమ్మ ఆ గిన్నె నా చేతికిచ్చేది. "నా చెయ్యి మంచిది కాదు" అనేది, అంతే. ఏడుస్తూ అనేది కాదు, కూరలో ఉప్పెక్కువైంది అన్నంత మామూలుగా అనేది. అందువల్ల నేనూ చాలాకాలం ఆ మాటను మామూలుగానే విన్నాను.

నా తర్వాత ఆరేళ్ళకు తమ్ముడు పుట్టాడు. ఈసారి నాన్నగారు నోరెత్తలేదు. వాడికి నడక వచ్చేదాకా ఒక్క మెతుకు నోట్లో పడనివ్వలేదు. అయినా ఎనిమిదో నెలలో చెవి కారింది. తర్వాత నిమ్ము చేసింది. అమలాపురం డాక్టరుగారు పెన్సిలిన్ ఇంజెక్షన్లు పొడిచి పొడిచి బతికించారు. అమ్మమ్మకు అందులో కూడా రుజువే దొరికింది. "అన్నం పెట్టలేదు కాబట్టి గండం గడిచింది" అంది. పెన్సిలిన్ మాట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు పెద్దయ్యాక ఈ కథ విని, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా "ఏడాదిపాటు నాకు అన్నం ఎగ్గొట్టేరు, ఇంకో రెండు గరిటెలు వెయ్యి" అని అమ్మను ఆటపట్టించేవాడు.

బతికాడు గానీ వాడి ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక మూల రాజుకుంటూనే ఉండేది. చెవి, కన్ను, ఊపిరితిత్తులు, ఒకసారి మోకాలు. మా ఇంట్లో చెవిలో వేసే చుక్కల మందు వాసన నా చిన్నతనమంతా ఉంది. నాకు జ్వరమొస్తే రెండు రోజుల్లో పోయేది. అదే జ్వరం నా నుంచి వాడికి అంటితే నెల పట్టేది. అందుకని నాకు తుమ్మొస్తే అమ్మ నన్ను మామ్మ దగ్గరకు పంపేసేది. నేను అలిగేదాన్ని.

వాడికి ఆరో ఏడు నడుస్తుండగా ఒక రోజు అమలాపురంలో డాక్టరుగారు టార్చిలైటు వేసి వాడి గొంతు చూశారు.

"వీడికి టాన్సిల్స్ ఎప్పుడు తీయించేరమ్మా?" అని అడిగారు.

"తీయించలేదండి" అంది అమ్మ.

ఆయన మళ్ళీ చూశారు. మెడ కింద, చంకల్లో వేళ్ళతో తడిమారు. "తీయించకపోతే ఉండాలి కదమ్మా. ఇన్ని జబ్బులొచ్చిన పిల్లాడికి ఇక్కడ గడ్డలు ఉబ్బి కనపడాలి. వీడికి చేతికి తగలడానికి కూడా లేవు." అని టార్చిలైటు ఆపి పక్కన పెట్టారు. తర్వాత నాన్నగారితో, "మేస్టారూ, మద్రాసు తీసుకెళ్ళండి. ఇంటిల్లిపాదీ వెళ్ళండి, అందరి రక్తం చూస్తారు" అన్నారు.

బస్సులో తిరిగి వస్తుంటే తమ్ముడు నన్ను నోరు తెరవమన్నాడు. లోపలికి తొంగిచూసి, "నీకున్నాయక్కా, రెండూ ఉన్నాయి" అన్నాడు. అసూయ ఏమీ లేదు వాడి గొంతులో. నాకు ఉన్నందుకు వాడికి బాగానే ఉంది.

కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి మద్రాసు రైలెక్కాం. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. పెద్దాసుపత్రిలో మా నలుగురికీ రక్తం తీశారు. కొన్నాళ్ళు ఒక సత్రంలో ఉండి, పిలిచినప్పుడు వెళ్ళాం. అక్కడి డాక్టరు ఇంగ్లీషులో చెబుతుంటే నాన్నగారు ఒక్కో మాటా అమ్మకు తెలుగులో చెప్పారు.

"మన రక్తంలో రోగాలతో పోట్లాడే సరుకొకటి ఉంటుందంట. గామా గ్లోబులిన్ అంటారంట. అందరి ఒంట్లోనూ దానంతటదే తయారవుతుంది. వీడి ఒంట్లో తయారవ్వదంట. పుట్టుకతోనే."

"మరి ఆరో నెలదాకా బానే ఉన్నాడు కదండీ. పెద్దాడూ అంతే కదండీ."

నాన్నగారు ఆ ప్రశ్న డాక్టరును అడిగారు. జవాబు విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"అప్పటిదాకా ఉన్నది నీదంట. కడుపులో ఉన్నప్పుడు నీ రక్తంలోంచి వాడికి కొంత వచ్చింది. అదే ఆరేడు నెలలు కాపలా కాసింది. అదయిపోయే వేళకి అన్నం పెట్టే ఈడొచ్చింది. అంతే. అన్నానికీ దీనికీ ఏ సంబంధం లేదంట."

అమ్మ కుడిచెయ్యి కొంగులో పెట్టుకుని కూర్చుంది. నాకు మాత్రం ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది. ఇక అమ్మ అందరి పిల్లలకూ అన్నం పెడుతుంది అనుకున్నాను. నా ఊహ అంతవరకే వెళ్ళింది.

డాక్టరు అంతటితో ఆగలేదు. నాన్నగారిని ఏవేవో అడిగి, ఒక కాగితం మీద బొమ్మ గీశారు. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు చదరాలు. పైన అమ్మమ్మ సున్నా, కింద అమ్మ సున్నా, దాని పక్కన అమ్మ తమ్ముళ్ళవి రెండు చదరాలు. ఆ రెండూ నల్లగా నింపారు. అమ్మ సున్నా కింద అన్నయ్య చదరం, తమ్ముడి చదరం. అవీ నల్లగా నింపారు. నా సున్నా గీసి, నావైపు ఒకసారి చూసి, అందులో ప్రశ్నగుర్తు పెట్టారు. నాన్నగారి మొహం మారింది. ఆయన ఇంగ్లీషులో ఏదో చిన్నగా అడిగితే డాక్టరు తలూపారు. తర్వాత ఆ కాగితం ఉండచుట్టి బుట్టలో వేశారు.

"ఇంకా ఏదో చెప్పేరు కదండీ" అంది అమ్మ, బయటకు వచ్చాక.

"ఇంజెక్షన్ల గురించి" అన్నారు నాన్నగారు.

నా పెళ్ళి కుదిరినప్పుడు ఆయన నాకు మిగతాది చెప్పారు. ఈ లోపం తల్లి నుంచి వస్తుంది. ఆడవాళ్ళకు పైకి ఏమీ ఉండదు, మోస్తారంతే. మోసే తల్లికి పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ సగం సగం అవకాశం. కూతురు తల్లిలాగే మోయడానికీ సగం సగం. అత్తవారికి కూడా ఆయనే వెళ్ళి చెప్పి వచ్చారు, దాచలేదు. మా మావగారు "ఏ ఇంట్లో లేదండి మేస్టారూ ఏదో ఒకటి" అని ఊరుకున్నారు. అమ్మకు మాత్రం చెప్పొద్దని నాన్నగారు నా దగ్గర మాట తీసుకున్నారు. "ఇన్నాళ్ళు చెయ్యనుకుంది. ఇప్పుడు ఒళ్ళంతా అనుకుంటుంది" అన్నారు.

ఇంజెక్షన్ల గురించి చెప్పాలి. తమ్ముడి ఒంట్లో లేనిది బయటినుంచి నెలనెలా ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. ఆ మందు వేలమంది ఇచ్చిన రక్తం కలిపి, అందులోంచి తీస్తారు. మద్రాసు నుంచి తెలిసినవాళ్ళు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి రైల్లో పంపితే నాన్నగారు రాజమండ్రి వెళ్ళి తెచ్చేవారు. కంపౌండరుగారు రెండు పిర్రల్లోనూ పొడిచేవారు. మందు చిక్కగా ఉండేది, మెల్లగా ఎక్కించాలి, ఎక్కించినచోట గట్టిగా ఉండకట్టేది. తమ్ముడు రెండు రోజులు బోర్లా పడుకుని లెక్కలు చేసుకునేవాడు. కూర్చోవడం కుదరదు కాబట్టి గుడికి రానక్కరలేదని సంతోషం.

మందు చల్లగా ఉంచాలి. మా ఊళ్ళో ఫ్రిజ్ ఒక్కటే ఉండేది, కొబ్బరితోటలున్న రైతుగారింట్లో. వాళ్ళబ్బాయి నాన్నగారి దగ్గర చదువుకున్నాడు. అమ్మ వెళ్ళి అడిగింది. ఆ ఇంటావిడ "దానికేముందమ్మా, ఆ తలుపులో పెట్టండి" అంది. ఇంజెక్షన్ మందని చెప్పారు గానీ దేంతో చేస్తారో చెప్పలేదు. ఆ ఫ్రిజ్‌లో పెరుగుంటుంది, వాడపల్లి వెంకన్న ప్రసాదం ఉంటుంది. మనిషి రక్తంలోంచి తీసిన మందు, అదీ మా ఇంటి మందు, అని తెలిస్తే పెట్టనిస్తారో లేదో అని మా భయం. నెలనెలా అమ్మ పెరటి గుమ్మం దగ్గర నిలబడి మందు ఇచ్చేది, తీసుకునేది.

ఆ మందుతో తమ్ముడు బాగానే నిలబడ్డాడు. స్కూలుకు వెళ్ళాడు, సైకిలు నేర్చుకున్నాడు, పదో తరగతి పాసయ్యాడు. మద్రాసు డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, ఇంకొకరు తాగిన గ్లాసులో తాగకూడదని. మా గుడిలో ప్రభువు బల్ల నాడు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, వెండి గిన్నె ఒక్కటే. అందరూ దాంట్లోనే పెదవి తడుపుకోవాలి. అమ్మ తన సంచిలో చిన్న స్టీలు గ్లాసు తెచ్చేది. అయ్యగారు అందులో రెండు చుక్కలు వంచేవారు. అర్భకుడు, వాడి పద్ధతి వాడిది అని సంఘంలో అందరూ అలవాటు పడిపోయారు.

ఆ తర్వాత పేపర్లలో ఎయిడ్స్ గురించి రాయడం మొదలైంది. రోగనిరోధక శక్తి పోతుంది, మందు లేదు, రక్తం ద్వారా కూడా వస్తుంది అని రాశారు. ఎవరో ఒకరు చదివి వినిపించారు, ఇంకొకరు లెక్క కట్టారు. మేస్టారుగారబ్బాయికి రోగనిరోధక శక్తి లేదు. నెలనెలా రక్తంలోంచి తీసిన మందు ఎక్కించుకుంటున్నాడు. గ్లాసు కూడా వేరే. ఎవరి నుంచి వాణ్ణి కాపాడటానికి ఆ గ్లాసు తెచ్చామో, వాళ్ళే అది తమను కాపాడటానికి అనుకున్నారు. ఒక ఆదివారం గుడిలో మావాళ్ళు కూర్చున్న బల్ల మీద అటూ ఇటూ ఖాళీగా ఉంది. మర్నాడు సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. పుట్టింటికి వచ్చిన నేనే ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

"మేస్టారూ, కొన్నాళ్ళు అబ్బాయిని ఇంటి దగ్గరే ప్రార్థన చేసుకోమనండి. నేనే వచ్చి ఇస్తాను. సంఘంలో బలహీనులున్నారు కదండీ."

నాన్నగారు పిల్లలకు పాఠం చెప్పినట్టే ఓపిగ్గా చెప్పారు. "అది వేరండి అయ్యగారూ, ఇది వేరు. అది బయటినుంచి వచ్చిన క్రిమి, బాగున్న మనిషిలో దూరి ఉన్న శక్తిని తినేస్తుంది. వీడికి పుట్టుకతోనే లేదు. లేనిది ఎవరికీ అంటదు కదండీ."

"ఆయ్, నిజవేనండి" అన్నారు అయ్యగారు. "నాకు తెలుసండి. వాళ్ళకి చెప్పలేకపోతున్నాను."

గదిలోంచి తమ్ముడు వింటున్నాడు. ఆయన వెళ్ళాక, "నాకంటే బలహీనులెవరక్కా సంఘంలో? చూడాలనుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఈ మొత్తం కథలో నాకు గట్టిగా గుర్తున్న అనుభూతి ఆ కోపం ఒక్కటే.

రైతుగారింట్లో మందు కూడా తిరిగి వచ్చేస్తుందని అమ్మ అనుకుంది. అడగకముందే తెచ్చేసుకుందామని వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. ఆ ఇంటావిడ అమ్మను ఆ రోజు పెరట్లో నిలబెట్టలేదు, వసారాలో కూర్చోమంది.

"ఆ మందు దేంతో చేస్తారో నాకు ఎప్పట్నించో తెలుసమ్మా. పెట్టె మీద మనిషిది అని ఇంగ్లీషులో రాసుందని మావాడు చదివి చెప్పేడు. మొదట్లో ఒళ్ళు జలదరించింది. తర్వాత దానికో డబ్బా వేరే పెట్టేను. పిల్లాడికి కదా. తీసుకెళ్ళొద్దు, ఉండనివ్వండి" అంది. అమ్మ దణ్ణం పెట్టబోతే వద్దంది.

కానీ ఆ డబ్బా ఖాళీగా ఉన్న నెలలు వచ్చాయి. రక్తంతో చేసే మందులన్నీ ఒకసారి పరీక్షించి గానీ ఇవ్వడం లేదని, సరుకు లేదని మద్రాసు నుంచి కబురు. తమ్ముడి ఊపిరితిత్తులు అప్పటికే సగం పాడై ఉన్నాయి. పొద్దున్నే గిన్నెడు కఫం తీస్తే గానీ మాట వచ్చేది కాదు. నేను నెల తప్పానని అప్పుడే తెలిసింది. వాడికి చెబితే దగ్గు ఆపుకుంటూ, "మగాడైతే మొదటి ముద్ద నాదే. మనింట్లో మేనమామ చేతి ముద్ద తిన్నవాడు ఒక్కడూ లేడు" అన్నాడు. నిజమే. ఈ జబ్బు ముందు మేనమామలనే తీసుకుపోతుంది. అంతవరకూ నేను అలా ఆలోచించలేదు.

చలికాలంలో వాణ్ణి కాకినాడ తీసుకెళ్ళారు. మురమళ్ళ మీదుగా ఎదుర్లంక రేవుకు వెళ్ళి పంటు మీద గోదావరి దాటాలి. కడుపుతో ఉన్నదాన్ని నన్ను రానివ్వలేదు. పది రోజులకు అదే పంటు మీద తీసుకొచ్చారు. వాడికి పదహారు నిండాయి. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు, సంఘమంతా వచ్చింది, బాగా ఏడ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళు నన్ను పట్టుకుని "నువ్వేడవకూడదమ్మా, కడుపులో బిడ్డకి మంచిది కాదు" అన్నారు. సరే, తర్వాత ఏడుద్దాం అనుకున్నాను. తర్వాత రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే ఎవరి కాలో గిల్లినట్టుంటుంది, అలా ఉండిపోయింది. ఇప్పటికీ ఈ సంగతులు చెబుతుంటే వినేవాళ్ళ కళ్ళు తడుస్తాయి, నేను నీళ్ళ గ్లాసు అందిస్తాను.

నాకు మగపిల్లవాడు పుట్టాడు. మద్రాసు డాక్టరుకు కబురు పెడితే, టీకాలు, పోలియో చుక్కలు అప్పుడే వద్దన్నారు. పరీక్ష కూడా అప్పుడే వద్దన్నారు. ఇప్పుడు చూస్తే బిడ్డ రక్తంలో తల్లి ఇచ్చిందే కనపడుతుంది, అది అరిగిపోయాక వాడు సొంతంగా తయారుచేసుకుంటున్నాడో లేదో చూడాలన్నారు. ఆరు నెలలు వాడి ఒంట్లో నా కాపలాదారులే తిరుగుతున్నారని తెలిసి వాడికి స్నానం చేయించాను, పాలిచ్చాను, చెవులు వాసన చూశాను. రోజూ చూశాను. ఆరో నెల దాటింది. అత్తగారు అన్నం మాట ఎత్తారు. అన్నానికీ దీనికీ సంబంధం లేదని నా అంత బాగా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలోనే లేరు. అయినా పెట్టలేదు. బార్లీ నీళ్ళు, రాగిజావ, మగ్గిన చక్కెరకేళీ పెట్టాను. అత్తగారు ఏమీ అనలేదు. మా ఇంటిని వీధిలో ఏమనేవారో మా అత్తవారి ఊరు కొత్తపేటదాకా వచ్చి ఉంటుంది.

ఎనిమిదో నెలలో మద్రాసు వెళ్ళాం. ఫలితం పోస్టులో వచ్చింది. బిడ్డ ఒంట్లో అన్నీ తయారవుతున్నాయి, టీకాలు వేయించుకోవచ్చు. మా ఆయన గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూర్చుండిపోయారు. నేను వెళ్ళి పాలు కాచాను.

అన్నం పుట్టింట్లోనే పెట్టాలనుకున్నాం. మా అత్తగారు, మా ఆయన వచ్చారు. నాన్నగారు కొత్త చాప పరిచారు. అయ్యగారిని పిలుద్దామా అని ఎవరూ అడగలేదు. వంటింట్లో అన్నం ఉడుకుతుంటే అమ్మతో, "మేనమామ లేడు కదా, నువ్వే పెట్టమ్మా" అన్నాను.

"నీ అత్తగారిని పెట్టమను."

"అన్నం వల్ల కాదని డాక్టరు చెప్పేరు కదమ్మా. నీ చెయ్యి వల్ల కాదు."

"తెలుసు" అంది అమ్మ. మూత తీసి ఒక మెతుకు నొక్కి చూసింది. "నాకు ఇంగ్లీషు రాదు గానీ బొమ్మ కనపడదేంటే? మా తమ్ముళ్ళవి నల్లవి రెండు, నా పిల్లలవి నల్లవి రెండు. గీతలన్నీ మా అమ్మ నుంచీ నా నుంచీ వెళ్ళేయి. మీ నాన్నగారు చెప్పకుండా దాచేరు, ఆయన బాధ ఆయనది. నేనూ తెలీనట్టే ఉన్నాను."

నేను పొయ్యిలో మంట తగ్గించాను.

"అన్నవనుకుంటేనే బాగుండేదే" అంది. "అన్నవైతే పెట్టకుండా ఉండచ్చు. నెత్తురు ఇవ్వకుండా ఎలా కంటాం?"

గంజి వార్చింది. అన్నం మెత్తగా మెదిపి, పాలు పోసి, కొంచెం బెల్లం కలిపింది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, తమ్ముడి ఇంజెక్షన్ రోజున కంపౌండరుగారు కడుక్కున్నట్టే. వచ్చి చాప మీద కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. వేలి చివర మొదటి ముద్ద పెట్టింది. వాడు నాలుకతో సగం బయటకు తోశాడు. ఆ సగాన్ని వేలితో తీసి మళ్ళీ లోపల పెట్టింది. ఈసారి మింగాడు. నాన్నగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

రెండో ముద్దకు వాడికి పొలమారింది. దగ్గాడు. ఆ దగ్గు వినగానే నాన్నగారు ఇటు తిరిగారు, నేను చాప మీదకు వంగాను. అమ్మ వాడి నడినెత్తి మీద తట్టి, చెయ్యి చాపి పక్కనున్న అరలోంచి అందిన గ్లాసు తీసింది. తమ్ముడి స్టీలు గ్లాసు అది. వాడు పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. అందులో నీళ్ళు వంచి రెండు చుక్కలు బిడ్డ నోట్లో పోసింది.

"ఎవరో తలుచుకుంటున్నారు" అన్నారు మా అత్తగారు, పొలమారితే అందరూ అనే మాటే. అనేశాక ఆవిడ చూపు గ్లాసు మీద పడింది. అది ఎవరిదో ఆవిడకూ తెలుసు.

"ఆయ్, అవునండి" అంది అమ్మ. అని మూడో ముద్ద కలిపింది.